సంతకం లేని సాయం

అమెరికా వీసా కోసం నింపే డీఎస్-160 దరఖాస్తు చివర, సంతకం పెట్టే పేజీలో ఒక ప్రశ్న ఉంటుంది. ఈ దరఖాస్తు నింపడంలో మీకు ఎవరైనా సాయం చేశారా అని. అవునంటే ఆ మనిషి పేరు, సంస్థ పేరు, చిరునామా రాయాలి. అమీర్‌పేటలోనో విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరో కన్సల్టెన్సీ ఉద్యోగి విద్యార్థి పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని వివరాలు చకచకా కొడుతూ పోతాడు. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి 'లేదు' అని నొక్కి ముందుకెళ్లిపోవడం మామూలు. డబ్బు తీసుకున్నవారి పేరు కాగితం మీద ఉండదు. రేపు ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పుకోవలసింది కాగితం మీద పేరున్న ఇరవై రెండేళ్ల పిల్లో పిల్లాడో.

దేశం దాటి వెళ్లేవారికి దొరికే కాగితాల సాయాన్ని బేరీజు వేయడానికి నాకు ఇంతకంటే మంచి కొలబద్ద కనపడలేదు. వీసా, వర్క్ పర్మిట్, నివాస అనుమతి, పౌరసత్వం, ఏ మెట్టు దగ్గరైనా సాయం చేసినవారు తమ పేరునూ లైసెన్సు నంబరునూ కాగితం మీద పెడుతున్నారా లేదా? జగిత్యాల నుంచి టొరంటో దాకా ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్తే చాలా సంగతులు విడివడతాయి. పేరు పెట్టిన చోట మోసాలు లేవని కాదు. అక్కడ మోసపోయినవారికి నిలదీయడానికి ఒక మనిషి, ఫిర్యాదు చేయడానికి ఒక చోటు ఉన్నాయి. పేరు పెట్టని చోట బాధితులే ముద్దాయిలవుతున్నారు.

చదువుకున్నవాళ్లు ఎవరి ఫారాలు వాళ్లే నింపుకోవచ్చు కదా అనే మాట తరచూ వినిపిస్తుంది. అందులో కొంత నిజముంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా ప్రభుత్వాల దరఖాస్తు ఫారాలు వాటి సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి. సూటిగా ఉన్న సందర్శక వీసాకో, మంచి యూనివర్సిటీలో సీటు వచ్చిన విద్యార్థి వీసాకో మధ్యవర్తి అవసరం లేదు. కానీ కాగితాల కష్టమంతా నింపడంలోనే ఉండదు. ఏ కాగితం ఎప్పుడు పెట్టాలో, ఏ మాటకు ఏ ఫలితం ఉంటుందో తెలియడంలో ఉంటుంది. 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలంటూ అమెరికా అధ్యక్షుడి ఉత్తర్వు వెలువడింది. సెప్టెంబరు 21 నుంచి అమలు. సెలవు మీద ఇంటికి వచ్చినవాళ్లు పండక్కి ఉండకుండా విమానాశ్రయాలకు పరుగెత్తారు. మర్నాటికి వివరణ వచ్చింది, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు ఇది వర్తించదని. ఆ ఒక్క రోజులో నమ్మకంగా సలహా చెప్పగల లాయరు అందుబాటులో ఉన్నవాళ్లు నిమ్మళంగా ఉన్నారు. మిగతావాళ్లు వాట్సాప్‌లో తిరిగిన మాటలు పట్టుకుని టిక్కెట్లు కొన్నారు. ఇలాంటప్పుడు సాయం అవసరం చదువుతో సంబంధం లేకుండా అందరికీ ఉంటుంది.

అయితే ఆ సాయం అత్యవసరమైనవారు అమెరికా వెళ్లేవారు కాదు, గల్ఫ్ వెళ్లేవారు. గల్ఫ్ దేశాల్లో దాదాపు 90 లక్షల మంది భారతీయులు ఉన్నారు. తెలుగు నేల మీద ఈ వలసకు పాత కేంద్రాలు అందరికీ తెలిసినవే. తెలంగాణలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్. అటు రాజంపేట, రాయచోటి, కోనసీమ, పశ్చిమ గోదావరి. తెలంగాణ నుంచి దుబాయి, సౌదీ, మస్కట్ దారులు ఎక్కువైతే, కడప వైపు నుంచి కువైట్ దారి ఎక్కువ.

ఈ వలసను కాపాడడానికి మనకో చట్టం ఉంది. 1922 నాటి చట్టాన్ని తీసేసి 1983లో తెచ్చిన ఎమిగ్రేషన్ చట్టం. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ దగ్గర రిజిస్టరు చేసుకోవాలి, లక్షల్లో బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. పనివాడి దగ్గర తీసుకునే సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ దాటకూడదు. అదీ రసీదు ఇచ్చి. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది. అలాంటివారు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ అనుమతి ఉండాలి. ఈమైగ్రేట్ వ్యవస్థలో యజమాని వివరాలు, జీతం, ఒప్పందం నమోదవుతాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 10 లక్షల బీమా ఉంటుంది. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

లోపం ఊళ్లో ఉంది. రిజిస్టరయిన ఏజెంటు ముంబైలోనో హైదరాబాదులోనో ఉంటాడు. ఊళ్లో ఉండేది సబ్ ఏజెంటు. అతను కొత్తవాడు కాదు. గల్ఫ్‌లో పదేళ్లు చేసి వచ్చినవాడు, మేనమామ కొడుకు, పక్క వాడకట్టు మనిషి. "అన్నా, కంపెనీ వీసానే గదా?" అని అడిగితే "నామీద నమ్మకం లేదా తమ్మీ" అంటాడు. లక్ష, లక్షన్నర నగదు చేతులు మారుతుంది. రసీదు అడగడం అమర్యాద అవుతుంది. చట్టం దృష్టిలో ఈ సబ్ ఏజెంటు అసలు లేడు. రిజిస్ట్రేషన్ లేకుండా మనుషులను పంపడం నేరమే. దానికి 1983 చట్టంలో పెట్టిన శిక్ష రెండేళ్ల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. నలభై ఏళ్ల కిందటి రెండు వేలు. విదేశాంగ శాఖ అక్రమ ఏజెంట్ల జాబితా విడుదల చేస్తూనే ఉంది, అది మూడు వేలు దాటింది. కానీ ఊరి మనిషి మీద కేసు పెట్టడానికి ఊరి మనిషికి మనసు రాదు. కాగితాలు ఎవరు తయారు చేశారనే ప్రశ్నకు ఫైల్లో ఎక్కడా జవాబు ఉండదు.

ఈ దొడ్డిదారిలో రెండు రకాల కాగితాలు ఎక్కువగా నడుస్తాయి. ఒకటి విజిట్ వీసా. పర్యాటకుడిగా వెళ్లేవారికి ప్రొటెక్టర్ అనుమతి అక్కర్లేదు కనుక దుబాయి విజిట్ వీసా మీద పంపి, అక్కడ వర్క్ వీసాకు మారుస్తామంటారు. మార్చేవాళ్లూ ఉన్నారు, మార్చక గడువు దాటించేవాళ్లూ ఉన్నారు. ఆ దారిన వెళ్లినవారి ఒప్పందం ఈమైగ్రేట్‌లో ఉండదు, బీమా ఉండదు. రెండోది ఆజాద్ వీసా. పేరుకు ఒక కఫీల్, అంటే వీసా ఇప్పించే యజమాని, ఉంటాడు. అతనికి ఏటా కొంత సొమ్ము కట్టి బయట ఎక్కడ పని దొరికితే అక్కడ చేసుకోవడం. చేతినిండా పనున్నన్నాళ్లూ ఇదే మేలనిపిస్తుంది. వీసా ఒకరి దగ్గర, పని మరొకరి దగ్గర కాబట్టి పట్టుబడితే తప్పు పనివాడిదే. కఫీల్ కోపం వచ్చి పారిపోయాడని రాయించినా తప్పు పనివాడిదే. సౌదీలో దాన్ని హురూబ్ అంటారు. అకామాను, అంటే నివాస అనుమతిని, రెన్యువల్ చేయించాల్సింది యజమాని, చేయించకపోతే ఖల్లివల్లి, అంటే కాగితాల్లేనివాడు, అయ్యేది కూలివాడు. ఈ లెక్కలో పడినవారు ఇంటికి రావడానికి క్షమాభిక్ష కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తారు. కువైట్ 2018లోనూ 2024లోనూ, యూఏఈ కూడా అవే సంవత్సరాల్లోనూ క్షమాభిక్ష ప్రకటించాయి.

కువైట్‌లో ఇంకో చిక్కు. ఇళ్లలో పనికి ఇచ్చే ఖాదిం వీసా, అంటే అక్కడి నివాస చట్టంలో 20వ ఆర్టికల్, కంపెనీ పనికి ఇచ్చే షోన్ వీసా, అంటే 18వ ఆర్టికల్. రెండూ అరబ్బీలోనే ఉంటాయి. చూడడానికి రెండూ వీసాలే. డ్రైవరుగా కంపెనీకి వెళ్తున్నాననుకుని ఖాదిం వీసా మీద దిగినవారు ఒక ఇంటికి కట్టుబడిపోతారు, కార్మిక చట్టంలో కంపెనీ పనివారికున్న రక్షణ దక్కదు. ఆ ఒక్క అంకెను ఊళ్లో ఎవరైనా చదివి చెప్పి ఉంటే చాలామంది బయల్దేరకముందే ఆగేవారు.

ఆడవాళ్ల విషయంలో నిబంధన గట్టిది. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న మహిళకు 30 ఏళ్లు నిండితేనే ఇంటిపనికి అనుమతి. 2016 నుంచి వారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఇందుకు ఉన్నాయి. యజమాని నేరుగా పిలిపించుకుంటే మాత్రం 2,500 డాలర్ల గ్యారంటీ పెట్టాలన్నారు. ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం చాలాచోట్ల తిరగబడింది. గోదావరి జిల్లాల నుంచీ కడప పల్లెల నుంచీ వెళ్లే ఆడవాళ్లను ఏజెంట్లు విజిట్ వీసా మీద ముందు ఒక దేశానికీ అక్కడినుంచి ఇంకో దేశానికీ తిప్పుతున్నారు. మస్కట్‌లో చిక్కుకుపోయామని ఏడుస్తూ పంపే వీడియోలు అలాంటి కాగితాల నుంచి పుట్టినవే. గేటు గట్టిగా బిగించి గోడ వదిలేస్తే ఏమవుతుందో ఇక్కడ కనపడుతోంది. నిషేధం పెంచడం వల్ల ఈ స్త్రీలు కాపాడబడ్డారని నేను నమ్మను. కాగితం తయారుచేసినవారి పేరు బయటపడనంతవరకూ నిషేధం బేరం రేటును మాత్రమే పెంచుతుంది.

గల్ఫ్ దేశాలు చేసిన పనుల్లో మెచ్చుకోదగ్గవీ ఉన్నాయి. దుబాయిలో ప్రతి వీధిలో కనిపించే టైపింగ్ సెంటర్లను చిన్నచూపు చూడకూడదు. ప్రభుత్వ అనుమతితో నడిచే ఆమెర్, తస్‌హీల్ కేంద్రాల్లో నివాస అనుమతి, లేబర్ కాగితాల పని నిర్ణీత రుసుముకు జరుగుతుంది, రసీదు చేతికి వస్తుంది. యూఏఈ 2021లో తెచ్చిన కార్మిక చట్టం నియామక ఖర్చును పనివాడి మీద వేయడాన్ని నిషేధించింది. అంటే ఉద్యోగమిచ్చే దేశం కూలివాడు పైసా కట్టక్కర్లేదంటోంది, పంపే దేశం 30 వేల దాకా కట్టవచ్చంటోంది. పనివారి నుంచి రుసుము తీసుకోకూడదని చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందాన్ని భారతదేశం ఇంతవరకూ ఆమోదించలేదు. మన రుసుము సున్నా కావాలి. అప్పుడే తీసుకున్న ప్రతి రూపాయీ నేరమని చెప్పడం తేలికవుతుంది.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఖతార్ వీసా కేంద్రాలు. 2019లో హైదరాబాద్‌తో సహా మన దేశంలో ఏడు నగరాల్లో వీటిని తెరిచారు. వేలిముద్రలు, వైద్య పరీక్ష, ఒప్పందం మీద సంతకం, మూడూ విమానం ఎక్కకముందే ఇక్కడే అయిపోతాయి. పనివారు ఒప్పందంలో జీతమెంతో పనేమిటో తమకు తెలిసిన భాషలో చూసుకుని ఒప్పుకోవాలి. దిగాక ఆ కాగితం చించేసి తక్కువ జీతానికి ఇంకో కాగితం మీద సంతకం పెట్టించే పాత అలవాటుకు ఇది కొంతయినా అడ్డు. 'అన్‌ఫిట్' అని తేలితే అప్పు చేసి అక్కడికి వెళ్లి తిరిగిరావలసిన దుస్థితీ ఉండదు. ఉద్యోగమిచ్చే దేశం పంపే ఊరికి దగ్గరగా వచ్చి కూర్చోవడం వల్ల జరిగిన మేలు ఇది.

ఇక డబ్బు తీసుకోని సాయం. గల్ఫ్‌లో తెలుగువాళ్ల సంఘాల్లో ఉన్న వాలంటీర్లు సెలవు రోజుల్లో చేసే పని గురించి ఎక్కడా సరిగా రాయలేదనిపిస్తుంది. ఎవరైనా చనిపోతే శవం ఇంటికి చేరడానికి కావలసినవి చూడండి: ఆస్పత్రి ధ్రువపత్రం, పోలీసు నివేదిక, అక్కడి ప్రభుత్వపు మరణ ధ్రువపత్రం, వీసా రద్దు, మన రాయబార కార్యాలయపు ఎన్‌ఓసీ, రద్దుచేసిన పాస్‌పోర్టు, ఎంబామింగ్ పత్రం, విమాన కార్గో బుకింగ్. ఇంటివాళ్ల నుంచి అధికార పత్రం కూడా కావాలి. కఫీల్ సహకరించకపోతే ఒక్కో కాగితానికీ రోజులు పడతాయి. ఏ రుసుమూ లేకుండా ఈ వరసంతా నడిపించేది ఆ వాలంటీర్లే. లేబర్ కోర్టు మెట్లు ఎక్కేవారికి అరబ్బీలో అర్జీ రాయించేదీ, జైల్లో ఉన్నవాడి పేరు పట్టుకుని రాయబార కార్యాలయానికి చేరవేసేదీ వాళ్లే. 2015లో వచ్చిన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించేదీ వాళ్లే. వీళ్లకు ఏ లైసెన్సూ లేదు, అయినా పేరు చెప్పుకోవడానికి భయం లేదు.

అమెరికా దారిలో డబ్బు ఎక్కువ, ఇంగ్లీషు ఎక్కువ, చదువు ఎక్కువ. కాగితం వెనక దాగిన మనిషి మాత్రం అక్కడా ఉన్నాడు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు అందులో పేరున్న విద్యార్థులు 1,500కు పైనే. ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. నడిపిన సుసాన్ సూకు 2014లో పదహారేళ్లకు పైగా శిక్ష పడింది. పిల్లలను అక్కడికి పంపిన మన ఊళ్ల కన్సల్టెన్సీలు మాత్రం ఆ కేసులో కనిపించలేదు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. దాన్ని నడిపింది అమెరికా వలస విభాగపు అధికారులే, వల పన్నడానికి. మొదట అదుపులోకి తీసుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో అధికులు తెలుగువారు. విద్యార్థులను చేర్పించిన 8 మంది మీద కేసులు పెట్టారు. చేర్పించినవారిని కోర్టు దాకా తీసుకెళ్లడం ఒక్కటే ఈ కేసులో మెచ్చుకోదగ్గది. ప్రభుత్వమే బూటకపు బడి తెరిచి, నకిలీ గుర్తింపు చూపించి, ఇరవైల వయసు పిల్లలను లాగడం న్యాయమని మాత్రం నేను ఒప్పుకోలేను.

విద్యార్థి కన్సల్టెన్సీలు మన చట్టాల సందులో ఉన్నాయి. 1983 చట్టం ఉద్యోగాలకు పంపేవారిని మాత్రమే ముట్టుకుంటుంది. చదువుకు పంపేవారికి అది పట్టదు. అందుకే ఎవరైనా బోర్డు పెట్టవచ్చు. ఎస్ఓపీ రాసిపెడతారు, బ్యాంకు ఖాతాలో కొన్నాళ్లు డబ్బు వేసి 'ఫండ్స్' చూపిస్తారు, స్లాట్ పట్టిస్తారు. ఆ స్లాట్ల బేరం ఎంత పెరిగిందంటే 2025 మార్చిలో మన దేశంలోని అమెరికా రాయబార కార్యాలయం బాట్లతో బుక్ చేసిన దాదాపు 2,000 అపాయింట్‌మెంట్లను రద్దు చేసింది. ఏ యూనివర్సిటీ కమీషన్ ఇస్తుందో అదే మంచి యూనివర్సిటీ. పిల్లవాడికి సలహాగా వినిపించేది నిజానికి అమ్మకం. ఇద్దరి నుంచీ డబ్బు తీసుకునేవారు ఎవరి పక్షాన ఉన్నారో చెప్పాల్సిన బాధ్యత లేకపోవడం ఈ రంగంలోకెల్లా పెద్ద తప్పు.

చదువైపోయాక ఓపీటీ అనే తాత్కాలిక పని అనుమతి, తర్వాత హెచ్-1బీ. ఏటా 65 వేల వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి అదనంగా 20 వేలు. 2024 ఆర్థిక సంవత్సరపు లాటరీకి 7,80,884 రిజిస్ట్రేషన్లు వచ్చాయి. అర్హమైనవాటిలో సగానికి పైగా, అంటే 4,08,891, ఒకే మనిషికి రెండు మూడు కంపెనీలు వేసినవి. మరుసటి ఏడు నుంచి రిజిస్ట్రేషన్లను కాక మనుషులను లెక్కించి ఎంపిక చేయడంతో ఆ ఉబ్బు దిగింది. ఫారం దగ్గర చేసిన ఒక్క మార్పు వందల హెచ్చరికలు చేయలేని పని చేసింది. ఈ రంగంలో దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

హెచ్-1బీ కాగితాల్లో ఇంకో మాట. ఆ ఫైలు వేసే లాయరు కంపెనీ లాయరు. ఉద్యోగి భవిష్యత్తంతా అందులో ఉన్నా చాలామందికి దాని నకలు కూడా ఇవ్వరు. జీతం గురించి యజమాని కార్మిక శాఖకు ఇచ్చే ఎల్‌సీఏ పత్రం ప్రతిని ఉద్యోగంలో చేరేనాటికి ఉద్యోగికి ఇవ్వాలన్నది అమెరికా నిబంధన. పిటిషన్ ఖర్చులూ లాయరు ఫీజూ యజమాని భరించాల్సినవే. ఈ రెండూ తెలియక జీతంలోంచి కోతలు ఒప్పుకున్న మనవాళ్లు తక్కువేం కాదు. అమెరికాలో వలస కోర్టుకు వెళ్లినవారికి ప్రభుత్వం తన ఖర్చుతో లాయరును పెట్టదు. ఆ లోటు కొంత తీర్చడానికి అమెరికా న్యాయశాఖ గుర్తింపు ఇచ్చిన లాభాపేక్ష లేని సంస్థలు ఉన్నాయి. వాటిలో లాయర్లు కాకపోయినా శిక్షణ పొంది, అనుమతి తెచ్చుకున్న ప్రతినిధులు తక్కువ రుసుముకో ఉచితంగానో ఫైలు చూస్తారు. తమ పేరుతో జీ-28 పత్రం దాఖలు చేస్తారు. మనవాళ్లు ఈ తలుపు తట్టడం అరుదు.

పేరు పెట్టించే పద్ధతిని గట్టిగా పట్టుకున్నవి మూడు దేశాలు. ఆస్ట్రేలియాలో 1992 నుంచి వలస ఏజెంట్ల రిజిస్ట్రేషన్ ఉంది. నంబరు లేకుండా వలస సలహా ఇస్తే నేరం. ఫారం 956 మీద ఆ ఏజెంటు పేరుండాలి. బ్రిటన్‌లో 1999 చట్టంతో సలహాదారుల మీద పర్యవేక్షణ మొదలైంది. ఆ సంస్థకు 2025 జనవరిలో ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ అని కొత్త పేరు పెట్టారు. కెనడాలో మూడుసార్లు సంస్థలు పెట్టాల్సి వచ్చింది: 2004లో ఒకటి, 2011లో ఇంకొకటి, అవి రెండూ సరిగా పట్టించుకోలేదని 2021 నవంబరు 23 నుంచి చట్టబద్ధమైన కాలేజ్. డబ్బు తీసుకుని ఫైలు వేసేవారు లాయరో, ఆ కాలేజ్ లైసెన్సు ఉన్నవారో కావాలి, ఐఎంఎం 5476 ఫారంలో తమ పేరు రాయాలి.

అయినా కెనడాలో 2023లో ఏం జరిగింది? దాదాపు 700 మంది భారతీయ విద్యార్థుల పేరు మీద నకిలీ అడ్మిషన్ లేఖలు పెట్టారన్న వివాదం రేగింది. ఎక్కువమంది పంజాబ్ పిల్లలు. చదువు ముగించి, ఉద్యోగం చేసి, స్థిర నివాసానికి అర్జీ పెట్టాక బయటపడింది. జలంధర్ ఏజెంటు బ్రిజేష్ మిశ్రా తన పేరు ఏ ఫైల్లోనూ లేకుండా చూసుకున్నాడు. విద్యార్థులే స్వయంగా దరఖాస్తు వేసినట్టు రాయించాడు. అతనికి 2024లో వాంకూవర్ కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది. 2023 డిసెంబరు 1 నుంచి ప్రతి అడ్మిషన్ లేఖనూ కాలేజీతో సరిచూసుకునే ఏర్పాటు వచ్చింది. ఆ పని ముందే చేసి ఉంటే ఆ పిల్లలకు అయిదేళ్ల నిషేధపు భయం ఉండేది కాదు. లైసెన్సు చట్టం టొరంటోలో ఎంత బలంగా ఉన్నా కాగితం పుట్టింది జలంధర్‌లో. చట్టం చేయి అంత దూరం చాచలేదు. ఉద్యోగ లేఖలు కూడా అలాగే అమ్ముడుపోయాయి. పాయింట్ల కోసం ఎల్ఎంఐఏ లేఖలు, అంటే విదేశీ పనివారిని పెట్టుకోవడానికి యజమానికిచ్చే అనుమతులు, కొనుక్కోవడం ఎంత ముదిరిందంటే 2025 మార్చి 25 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఉద్యోగ ఆఫర్ పాయింట్లే తీసేశారు. నిజంగా ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లు కూడా ఆ దెబ్బ తిన్నారు.

బ్రిటన్‌లో సలహాదారుల మీద నిఘా ఉన్నా స్పాన్సర్ కంపెనీల మీద లేకపోయింది. 2022 ఫిబ్రవరిలో వృద్ధుల సంరక్షణ ఉద్యోగాలకు వీసా తెరిచారు. కేరళ నుంచీ మన రాష్ట్రాల నుంచీ నర్సులూ గృహిణులూ లక్షలు పోసి వెళ్లారు. కొన్నిచోట్ల దిగేసరికి పనే లేదు. ఆ రంగంలో 470కి పైగా స్పాన్సర్ లైసెన్సులు రద్దయి 39 వేలమందికి పైగా పనివారు కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవలసి వచ్చింది. 2025 జులై 22 నుంచి విదేశాల నుంచి ఆ నియామకాలే ఆపేశారు.

జర్మనీ సంగతి రెండు మాటల్లో. కాగితాలకు ఆ దేశం పెట్టింది పేరు: ఏపీఎస్ సర్టిఫికెట్, ఏడాదికి 11,904 యూరోల బ్లాక్డ్ అకౌంట్, దిగాక చిరునామా నమోదు, విదేశీయుల కార్యాలయంలో నివాస అనుమతి. అయినా అక్కడ ప్రభుత్వ డబ్బుతో నడిచే ఉచిత వలస సలహా కేంద్రాలు చాలా పట్టణాల్లో ఉంటాయి. కారిటాస్, డియాకొనీ వంటి సంస్థలు వాటిని నడుపుతాయి. సాయం సర్కారు ఖర్చు అయినచోట బ్రోకరుకు చోటు తగ్గుతుందనడానికి అది చాలు.

మళ్లీ మన రాష్ట్రాలకు వస్తే, కదలిక లేదనలేం. 2024 సెప్టెంబరులో హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబానికి తెలంగాణ 5 లక్షల సాయం ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్ఆర్‌టీ సంస్థ ఉంది. 2024 మేలో కంబోడియా సైబర్ ముఠాల దగ్గరికి యువకులను పంపిన ఏజెంట్లను విశాఖ పోలీసులు పట్టుకున్నారు. కానీ ఇవన్నీ దెబ్బ తగిలాక వేసే మందులు. 1983 చట్టం స్థానంలో 2019లో, 2021లో ముసాయిదాలు వచ్చి ఆగిపోయాయి. 2025 అక్టోబరులో ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు ముసాయిదా మీద అభిప్రాయాలు అడిగారు. సబ్ ఏజెంటుకు కూడా నంబరు ఇచ్చి అతని తప్పుకు పైవాడిని బాధ్యుడిని చేయడం, విద్యార్థి కన్సల్టెన్సీలను రిజిస్ట్రేషన్ కిందికి తేవడం, ఏ యూనివర్సిటీ నుంచి ఎంత కమీషన్ వస్తుందో రసీదు మీద రాయించడం, ఈ మూడూ చేరితేనే కొత్త చట్టానికి పాతదానికంటే బలం వస్తుంది.

2024 నవంబరులో విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ సేవలను కామన్ సర్వీస్ సెంటర్ల ద్వారా ఇవ్వడానికి ఒప్పందం చేసుకుంది. పాస్‌పోర్టు అప్‌లోడ్ చేయడానికి అది సరిపోతుంది. మీసేవలో కరెంటు బిల్లు కట్టినా రసీదు మీద ఏ కేంద్రంలో కట్టామో ఉంటుంది. అదే క్రమశిక్షణ ఒప్పందం చదివి చెప్పే పనికీ రావాలి. కువైట్ వీసా మీద 18 ఉందో 20 ఉందో చూసి, జీతం ఎంత రాశారో, వీసా మీది కఫీలే పని ఇచ్చేవాడవునో కాదో తెలుగులో చెప్పి, తన పేరుతో రసీదు ఇచ్చే మనిషిని రాయచోటిలో, జగిత్యాలలో, అమలాపురంలో కూర్చోబెట్టడం తర్వాతి పని. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి అరబ్బీ చదవగల వాళ్లు ఆ ఊళ్లలో కావలసినంతమంది ఉన్నారు.